న్యాయంగా పంచిన వాన

ఆ తేదీ లింగమయ్యకు బాగా గుర్తు. ఆగస్టు పద్నాలుగు, గురువారం. పొద్దున తిన్నది రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి. ఆఖరి ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఉండగా భార్య సుంకమ్మ అడిగింది.

"ఈ పొద్దన్నా ఏమన్నా రాస్తావా, మల్ల సున్నానేనా?"

"నన్నడిగితే ఏం లాభం. పైకి చూసి అడుగు."

"పైనోడు నీ మాదిరే సర్కారు నౌకరేమో. ఆఫీసుకి వచ్చినట్టుండాడు గానీ పని చేసినట్టు ల్యా."

లింగమయ్య చేయి కడుక్కుని సైకిలెక్కాడు. అతనిది వర్షమాపక శాఖ. కొడవండ్లపల్లె మండల కార్యాలయం వెనక ముళ్ళకంచె మధ్య, మోకాలెత్తు దిమ్మె మీద ఒక రేకు గొట్టం, దాని లోపల గాజుసీసా. ప్రతిరోజూ ఎనిమిదిన్నరకు ఆ సీసాలోని నీళ్ళను కొలతగ్లాసులోకి వంచి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి, రిజిస్టరులో రాసి, సంతకం చేసి, జిల్లా ఆఫీసుకు ఫోన్ చెయ్యాలి. ముప్పైరెండేళ్ళుగా అదే పని. సీసా ఎండిపోయి ఉన్నా అతను దాన్ని బయటికి తీసి, గ్లాసు మీద తలకిందులు చేసి, అడుగున రెండుసార్లు తట్టిగానీ సున్నా రాయడు. ఎవరూ చూడరు కదా అని ఒకసారి కొత్తగా వచ్చిన గుమాస్తా నవ్వితే, "కొలవకుండా రాస్తే అది సున్నా కాదప్పా, ఖాళీ" అన్నాడు.

ఆ పొద్దు నలభై ఒకటో సున్నా రాసి సంతకం చేస్తూ ఉంటే ఆఫీసు జవాను కవరు తెచ్చి ఇచ్చాడు. లోపల నాలుగు పేజీల ఉత్తర్వు.

సంగతి ఇదీ. శాఖలో కొలతగాళ్ళందరికీ ఒకటే జీతం. ఏడాదికి పన్నెండు వందల మిల్లీమీటర్లు కొలిచే డెల్టావాడికీ అదే, నాలుగు వందలు దాటని సీమవాడికీ అదే. మూడింతల పని చేసేవాడికీ చెయ్యనివాడికీ ఒకే జీతం ఎలాగని డెల్టా ఉద్యోగుల సంఘం మహజరు పెట్టుకుంది. ప్రభుత్వం దాన్ని తీవ్రంగా తీసుకుని వేతన సమతుల్యతా సంఘాన్ని నియమించింది. సంఘం పద్దెనిమిది నెలలు కూర్చుంది. తీర్పు చెప్పింది. ఇకనుంచి సగం జీతం స్థిరం. మిగతా సగం "మిల్లీమీటరు భత్యం". ఎంత వాన కొలిస్తే అంత.

ఆ నెల జీతం తెచ్చి చేతిలో పెట్టినప్పుడు సుంకమ్మ ఒకసారి నోట్ల వైపు, ఒకసారి మొగుడి వైపు చూసింది.

"తక్కినేది యాడ?"

"పడలేదంట."

"జీతమా, వానా?"

"ఇప్పుడు రెండూ ఒకటే."

సెప్టెంబరు మొదట్లో సీమ కొలతగాళ్ళందరినీ జిల్లా కేంద్రానికి పిలిచారు. ఉత్తర్వు మీద అవగాహన సదస్సు. ఉపసంచాలకుడు పద్మలోచన్ గారు తెల్లచొక్కాతో, గంధపు బొట్టుతో వేదిక మీద కూర్చున్నారు. మంచి మనిషి. ఎవరినీ కసురుకోరు. ఎంత అన్యాయమైన మాటనైనా మెత్తగా, వినేవాడి భుజం మీద చేయి వేసినట్టు చెబుతారు.

"సోదర ఉద్యోగులారా, సమాన పనికి సమాన వేతనం అనే మహత్తర ఆశయానికి మన శాఖ తొలిసారిగా కార్యరూపం కల్పిస్తున్నది. సందేహాలుంటే నిస్సంకోచంగా అడగవచ్చు."

లింగమయ్య లేచి నిలబడ్డాడు. "సార్, సున్నాకి కూడా నేను సైకిలు తొక్కాల. సీసా తియ్యాల. తట్టాల. డెల్టాలో పది మిల్లీమీటర్లు కొలిచేదానికి ఎంతసేపు పడతాదో, మా తావ సున్నా కొలిచేదానికీ అంతే సేపు పడతాది సార్."

పద్మలోచన్ గారు కరుణతో నవ్వారు. "ఈ అంశాన్ని సంఘం మూడు సమావేశాల్లో చర్చించింది. సున్నాను కొలవడం సాధ్యం కాదని, కేవలం చూడటం మాత్రమే సాధ్యమని నిపుణుల అభిప్రాయం. చూసినందుకు ప్రభుత్వం వేతనం చెల్లించదు."

వెనక వరసలో ఎవరో, "అట్లయితే తనిఖీ ఆఫీసర్లకి జీతం ఎందుకిస్తాండారు" అని గొణిగారు. ఆ మాట కార్యవాహిలోకి ఎక్కలేదు.

సీమ ఉద్యోగుల సంఘం కూడా ఒక మహజరు రాసింది. వాన పడకపోవడం ఉద్యోగి క్రమశిక్షణా లోపం కాదని, ప్రకృతి చేసిన పక్షపాతానికి కొలతగాడిని శిక్షించరాదని అందులో ఉంది. రాసినవాళ్ళు పాత జీతం పాతలాగే ఇస్తే చాలనుకున్నారు. కానీ ఇచ్చిన ఉత్తర్వును వెనక్కి తీసుకోవడం ప్రభుత్వాలకు అలవాటు లేని పని. వేతన సంఘం మళ్ళీ కూర్చుంది. సెప్టెంబరు నెలాఖరున రెండో ఉత్తర్వు వచ్చింది.

అందులోని తర్కాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. జీతాలు సమానంగా ఉండాలి. జీతం వానను బట్టి ఉంటుంది. కాబట్టి వాన సమానంగా ఉండాలి. నెలాఖరున రాష్ట్రంలోని వర్షమాపకాలన్నిటి వానను కలిపి, కేంద్రాల సంఖ్యతో భాగించి, ఎక్కువ పడినచోట తగ్గించి తక్కువ పడినచోట కలపాలి. జూన్ ఒకటి నుంచే అమలు. దీని పేరు "వర్షపాత సర్దుబాటు". ఇందుకు వేరే రిజిస్టరు పెడదామని ఒక సభ్యుడు అన్నాడట. కొత్త రిజిస్టరుకు ఆర్థికశాఖ అనుమతి కావాలి. అది వచ్చేసరికి రెండేళ్ళు. అందుచేత ఉన్న రిజిస్టరులోనే దిద్దాలని తీర్మానించారు.

అలా కొడవండ్లపల్లెకు నాలుగు నెలల వాన రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. అక్కడ పడిన కాస్తతో కలిపితే నాలుగు వందల పన్నెండు మిల్లీమీటర్లు. పంపినవారి కాలమ్‌లో డెల్టాలోని పల్లంకుదురు కేంద్రం పేరు ఉంది. పోస్టుమాన్ సంతకం చేయమన్నాడు. రసీదులో "పైన పేర్కొన్న వర్షపాతం చెక్కుచెదరకుండా ముట్టినది" అని అచ్చువేసి ఉంది. లింగమయ్య ఆకాశం వైపు చూశాడు. ఎండ కళ్ళలో గుచ్చుకుంది. సంతకం చేశాడు. మరి సగం జీతం ఆగిపోయి నెలన్నర అయింది.

ఆ రోజే రిజిస్టరు తీసి సున్నాలను దిద్దాడు. కొంచెం సిగ్గనిపించింది. అంతే. బకాయి జీతం చేతికొచ్చింది. సుంకమ్మకు చీర కొన్నాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వాన రంగే తెచ్చినావు" అంది. బాగుందని ఆమె నోటితో అనడం అంటే అంతే. ఆ వారమంతా ఆ ఇంట్లో పెరుగు కూడా ఉంది.

అక్టోబరు రెండో వారంలో కరువు మండలాల జాబితా వచ్చింది. కొడవండ్లపల్లె అందులో లేదు.

పొలాల్లో చెనిక్కాయ చెట్టు జానెడు లేచి అట్లే ఎండిపోయింది. పీకితే వేరుకు మట్టి తప్ప కాయ లేదు. చెరువులో పిల్లలు బంతాట ఆడుకుంటున్నారు. కరువు మండలంగా రాస్తేనే సర్కారు గడ్డి కేంద్రం తెరుస్తుంది. గడ్డి కేంద్రం తెరిస్తేనే పశువులు ఊళ్ళో ఉంటాయి. లేకపోతే సోమవారం సంతకు పోతాయి. కరువు రోజుల్లో సంతలో ఎద్దును అడిగేది బండి కట్టేవాడు కాదు, కసాయివాడు.

జాబితా వచ్చిన సాయంత్రం నరసప్ప లింగమయ్య ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సుంకమ్మకు చిన్నాయన. ఒక జత ఎద్దులు, ఒక చూలావు ఉన్న మనిషి. ఆ మూడింటి కోసం అప్పటికే పంచలోని బోదగడ్డి కప్పు పీకి మేతగా వేసేశాడు.

"అల్లుడా, తహశీల్దారు తావకి పోయొచ్చినా. మీ మండలంలో వాన మామూలుగా పడిందప్పా, రిజిస్టరులో ఉండాది అన్నాడు. ఎవరు రాసిందంటే నీ పేరు చెప్పినాడు."

లింగమయ్య అరుగు చివర కూర్చున్నాడు.

"తిట్టేదానికి రాలేదులే. నాలుగు నూర్ల పన్నెండు అంట గదా. యాడ పడిండాదో చెప్తే ఎద్దుల్ని ఆడికి తోలుకపోతా."

సుంకమ్మ లోపలినుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి చిన్నాయనకు ఇచ్చింది. మొగుడి వైపు చూడలేదు. ఆమె ఒంటిమీద ఆ చీరే ఉంది. కొద్దిసేపటికి లోపలికి పోయి పాతది కట్టుకుని వచ్చింది.

"ఎన్నాళ్ళకు సరిపోతాది మామా, మేత?" అని అడిగాడు లింగమయ్య.

"రెండు వారాలు. మూడో సోమవారం తోలక తప్పదు."

మరునాడు లింగమయ్య బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోయాడు. పద్మలోచన్ గారి గది బయట రెండు గంటలు నిలబడ్డాక పిలుపు వచ్చింది.

"సార్, నాకొచ్చిన వాన వాపసు ఇచ్చేస్తా. దాని జీతం కూడా ఇచ్చేస్తా. మా మండలానికి నేను కొలిచిందే రాసుకోనీండి."

పద్మలోచన్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "లింగమయ్యా, మీ త్యాగనిరతి నన్ను కదిలించింది. అయితే ఒక చిక్కు. మీరు వాన తిరిగిచ్చేస్తే మీ జీతం తోటి ఉద్యోగుల కన్నా తగ్గుతుంది. అంటే మీకు అన్యాయం జరుగుతుంది. ఈ శాఖలో ఏ ఉద్యోగికీ అన్యాయం జరగనివ్వరాదని ఉత్తర్వు."

"నాకు జరిగితే జరగనీండి సార్. నేనే గదా అడుగుతాండేది."

"న్యాయాన్ని వదులుకునే అధికారం ఉద్యోగికి దఖలు పరచబడలేదు."

"ఊర్లో పశువులు చస్తాయి సార్."

"అది పశుసంవర్ధక శాఖ." ఆయన చాలా మెత్తగా అన్నారు. అటెండరును పిలిచి లింగమయ్యకు టీ తెప్పించారు కూడా.

టీ తాగి వరండాలోకి వస్తే జేబులో ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"హలో, కొడవండ్లపల్లె లింగమయ్య గారేనాండీ? నేనండీ, పల్లంకుదురు కేంద్రం తాతబ్బాయిని. మా వాన మీకే పంపించారంట కదండీ."

"అవునప్పా. ముట్టింది."

"కొంచెం తిరిగి పంపిస్తారాండీ, మీకు పుణ్యముంటాది. ఇక్కడ మొలలోతు నీళ్ళలో ఉన్నామండీ బాబూ. నేను మంచమ్మీద కుర్చీ యేసుకుని, దాని మీద కూకుని మాట్టాడుతున్నాను. వరద బియ్యం ఇమ్మంటే, మీ ఊళ్ళో సగటు వానేనండీ, రిజిస్టరులో అలాగే ఉంది అంటున్నారు. వానమాపకం మునిగిపోయి నాలుగు రోజులయిందండీ. దాన్ని కొలిచేదెలాగో కూడా తెలవట్లేదు."

"మా తావ చెరువులో బంతాట ఆడతాండారు."

అవతల కుర్చీ సర్దుకున్న చప్పుడైంది. తర్వాత తాతబ్బాయి అన్నాడు. "ఎక్కువ వాన కొలుత్తున్నామని అర్జీ పెట్టింది మా వోళ్ళేనండీ. సంతకం నేనూ పెట్టాను. తప్పయిపోయిందండీ."

"మేమూ ఒకటి రాసినాములే. సరిపోయింది."

ఇద్దరూ నవ్వారు. నవ్వాల్సిన సమయం కాదు గాని, నవ్వు వచ్చింది.

వరండా చివరి గదిలో సూపరింటెండెంటు ఇందుమతి గారు ఉంటారు. లింగమయ్య మాటలు ఆమెకు గోడ అవతలినుంచి వినపడుతూనే ఉన్నాయి. ఆమె అతన్ని పిలిచి కుర్చీ చూపించింది. ఆ ఆఫీసులో కొలతగాళ్ళను కూర్చోమనే మనిషి ఆమె ఒక్కతే. డబ్బాలోని మజ్జిగ సగం గ్లాసులో పోసి అతని ముందు పెట్టింది. తర్వాత రెండో ఉత్తర్వు తీసి, ఆఖరి పేజీలో పదకొండో పేరా కింద వేలు పెట్టింది.

"జీతం తీసుకోని ఉద్యోగికి జీతాల్లో అసమానత ఉండజాలదు గనుక, అట్టి ఉద్యోగి కేంద్రానికి ఈ సర్దుబాటు వర్తించదు. వాస్తవ వర్షపాతమే ఖరారు."

"జీతం తీసుకోని ఉద్యోగి ఎవరుంటారమ్మా?"

"జీతం లేని సెలవు పెట్టినవాడు." ఆమె గొంతు తగ్గించింది. "జూన్ ఒకటో తేదీ నుంచి పెట్టాలి. అప్పుడే పాత దిద్దుబాట్లన్నీ కొట్టివేయబడతాయి."

"జూన్ నుంచి నేను డ్యూటీ చేసినా కదా."

"చేసిన రోజుల్లో మీరు సెలవులో ఉన్నట్టు రాస్తాం. ఇదివరకూ జరిగినవే. తీసుకున్న జీతం మాత్రం చలానా కట్టాలి."

"మరి ఇకమీదట సీసా చూసేదెవరు?"

"సెలవులో ఉన్నవాడు వానమాపకం దగ్గరికి నడిచి వెళ్ళకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. కరువు జాబితా చూసి నేను నిన్న రాత్రి వెతికాను." ఒక క్షణం ఆగి, "బాగా ఆలోచించుకోండి. ఈ సంగతి నేను చెప్పినట్టు ఎవరికీ చెప్పొద్దు" అంది.

ఇంటికి వచ్చి లింగమయ్య సంగతంతా చెప్పాడు. సుంకమ్మ చేటలో బియ్యం చెరుగుతూ విన్నది. ఒక రాయి ఏరి పారేసింది. ఇంకొకటి ఏరింది.

"దుడ్డు ఎంత కట్టాల?"

చెప్పాడు.

"ఇంటి మీద రేకులు మార్చాలని దాచిపెట్టిండేది సరిపోతాదా?"

"సరిపోతాది. కానీ వాన పడితే ఇల్లు కారుతాది గదా."

"కారేదానికి వాన యాడుండాది. కట్టేసి రా."

మరుసటి పొద్దు ఆమె అతని సైకిలు చక్రాలకు గాలి కొట్టించి తెచ్చి పెట్టింది. లింగమయ్య చలానా కట్టడానికి బయల్దేరాడు.

సెలవు మంజూరయ్యింది. కొడవండ్లపల్లె రిజిస్టరులో పల్లంకుదురు వాన కొట్టివేయబడి, లింగమయ్య కొలిచిన వాన తిరిగి వచ్చింది. నాలుగు నెలలకు కలిపి యాభై ఎనిమిది మిల్లీమీటర్లు, మిగతావన్నీ సున్నాలు. అనుబంధ జాబితాలో మండలం పేరు చేరింది. సెలవులో ఉన్న లింగమయ్య ఠంచనుగా ఎనిమిదిన్నరకు వెళ్ళి, సీసా తట్టి, సున్నా రాసి, "సెలవులో" అని కింద రాసి సంతకం చేసేవాడు. మూడో సోమవారానికి రెండు రోజుల ముందు గడ్డి లారీ వచ్చింది. ఎండు చొప్పే. నరసప్ప మొదటి మోపు ఎత్తుకుని ఎద్దుల ముందు వేసి, అవి నమలడం మొదలుపెట్టేదాకా కదలకుండా నిలబడ్డాడు. తర్వాత తుండుగుడ్డతో ముఖం తుడుచుకుని, ఎండ ఎక్కువగా ఉందన్నాడు.

కథ ఇక్కడితో ఆగిపోతే శాఖకు అంత చెడ్డపేరు ఉండేది కాదు.

నవంబరులో పైనుంచి నిపుణులు వచ్చి రాష్ట్రంలోని రిజిస్టర్లన్నీ తనిఖీ చేశారు. అన్ని కేంద్రాల్లోనూ ఒకటే వాన. మిల్లీమీటరు తేడా లేదు. ఎడారిలాంటి ఊరికీ, వరదలో ఉన్న ఊరికీ ఒకటే అంకె. నిజమైన లెక్క ఉన్నది ఒక్క కొడవండ్లపల్లెలోనే. వేతన సంఘం అత్యవసరంగా కూర్చుంది. ఆ కేంద్రానికీ మిగతావాటికీ తేడా ఏమిటని పరిశీలించింది. సీసా అదే, గ్లాసు అదే, రిజిస్టరు అదే. తేడా ఒక్కటే కనిపించింది. అక్కడి కొలతగాడికి జీతం లేదు.

పద్మలోచన్ గారు స్వయంగా కారులో వచ్చారు. మండల కార్యాలయంలో చిన్న సభ. శాలువా కప్పారు. జ్ఞాపిక ఇచ్చారు. తర్వాత మూడో ఉత్తర్వు చదివారు. రాష్ట్రంలోని కొలతగాళ్ళందరూ డిసెంబరు ఒకటి నుంచి జీతం లేని సెలవులో ఉన్నట్టు భావించబడతారు. స్వచ్ఛందంగా కొలత కొనసాగిస్తారు. జూన్ నుంచి చేసిన సర్దుబాట్లన్నీ రద్దు. దీనివల్ల జీతాల్లో అసమానత నూటికి నూరుశాతం తొలగిపోతుంది, వర్షపాతమూ వాస్తవంగా నమోదవుతుంది.

"ఒక్క ఉద్యోగి మరో ఉద్యోగి కన్నా ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోని తొలి శాఖగా మనం చరిత్రలో నిలిచిపోతాం. దీనికి ఆద్యుడు మన లింగమయ్య."

చప్పట్లు కొట్టారు. లింగమయ్య శాలువా సర్దుకుంటూ లేచాడు.

"సార్, తమరి జీతం?"

పద్మలోచన్ గారు అతని భుజం మీద చేయి వేశారు. ఈసారి నిజంగానే వేశారు. "మేము వాన కొలవం కదా లింగమయ్యా. మేము న్యాయం కొలుస్తాం. దాని భత్యం వేరే."

నవంబరు ఆఖరి రోజు సాయంత్రం తాతబ్బాయి ఫోన్ చేశాడు.

"ఉత్తరువు చూశానండీ. జీతం పోయిందండీ."

"నా వల్లనే పోయిందప్పా. నా మాదిరే అందరూ ఉండాలని రాసినారంట. ఎన్నో ఇండ్లలో పొయ్యి ఆరిపోయింది నా వల్ల."

"మీ వల్లేంటండీ బాబూ. ఇటినండి. సర్దుబాటు ఎత్తేశారు కదా, మా వాన మాకు తిరిగొచ్చేసింది. నిన్న వరద బియ్యం పంచారండీ. ఊరంతా వండుకున్నారు. మా అమ్మ రెండోసారి పెట్టించుకుని తింది."

"మరి రేపు కొలుస్తావా?"

"కొలవనండీ అనే అనుకున్నానండీ. సంఘం వోళ్ళు సమ్మె అంటున్నారు. మీరేం చేత్తారు?"

"ఆలోచిస్తాలే" అని లింగమయ్య ఫోన్ పెట్టేశాడు.

రాత్రి అన్నంలోకి పప్పుచారు. సుంకమ్మ వడ్డిస్తూ అడిగింది.

"రేపు పోతావా?"

"పొయ్యేదానికి జీతం ల్యా. సమ్మె చేస్తే తప్పు ల్యా. అందరికీ ల్యాదంటే ఎప్పుడన్నా మల్ల ఇస్తారేమో."

"పోకపోతే?"

"సున్నా రాసేవాడుండడు. ఖాళీ పెట్టి పంపిస్తే లెక్క ల్యాదని జాబితాలోంచి తీసేస్తారు. లారీ నిలిచిపోతాది."

"మీ సంఘపోళ్ళు ఏమంటారు?"

"వాళ్ళు తిడతారు. తిట్టాల గూడా."

సుంకమ్మ అతని కంచంలో ఇంకో గరిటె చారు పోసింది. "చిన్నాయన ఆవు ఈనింది ఈ పొద్దు. కోడెదూడ. జున్నుపాలు పంపిస్తానన్నాడు రేపు" అంది. అది జవాబో కాదో అతను అడగలేదు. చేయి కడుక్కుని వచ్చి మంచం మీద వాలి, పక్కనే ఉన్న గడియారంలో అలారం ముల్లు ఎప్పటిలాగే ఏడున్నర మీదికి తిప్పాడు. పెట్టిన ఐదు నిమిషాలకే గురక మొదలైంది.

సుంకమ్మ గిన్నెలు సర్ది వచ్చింది. వీధిలోంచి ఎద్దులు చొప్ప నమిలే చప్పుడు వినపడుతోంది. కాసేపు గడపలో నిలబడి విన్నది. తర్వాత నిద్రపోయే మనిషి లేవకుండా తలుపును కొంచెం పైకెత్తి పట్టుకుని, నెమ్మదిగా మూసి గడియ పెట్టింది.